మత్తడి దుంకింది, బస్సు మర్లింది!

మృగశిర కార్తె మొదలైన రోజున మన వరంగల్ త్రినగరిలో రెండు చోట్ల కాలు పెట్ట సందుండదు. ఒకటి చేపల మార్కెట్, రెండోది హనుమకొండ బస్టాండు. మిర్గం నాడు చేపల కూర తినాలన్నది పెద్దలు పెట్టిన ఆనవాయితీ కాబట్టి మొదటి గుంపు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రెండో గుంపు విత్తనాలది. చేతిసంచిలో పత్తి గింజల ప్యాకెట్లు, వాటి మీద మడతపెట్టిన తువ్వాల, తువ్వాల మీద చేపల కవరు. రోహిణి ఎండల్లో మాడిపోయిన జనం కదా, ఆ పూట బస్సులో ఆ వాసనకు ఎవరూ ముక్కు మూసుకోరు. పైగా "కొర్రమీనా, రవ్వా? కిలో ఎంతకిచ్చిండు?" అని ముందు సీటు నుంచి వెనక సీటు దాకా విచారణ నడుస్తుంది.

ఈ వానాకాలం కబుర్లన్నీ ఆ బస్సువే. హనుమకొండలో బయల్దేరి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం పోయి, గోదావరి దాటి వాజేడు వైపు సాగే దారి ఇది. కాగితం మీద దీని పేరు 163వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాద్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోతుంది. ఎండాకాలం ఈ దారిని కిలోమీటర్లలో చెప్తారు. వానలు పట్టాక వాగుల్లో చెప్తారు. "ఇంకెంత దూరమే?" అని అడిగితే "ఇంకా మూడు వాగులున్నయి" అని జవాబు. ఆ మూడు వాగుల్లో ఏ ఒక్కటి ఉరికినా, ఊరు ఎంత దగ్గరున్నా అందదు.

సీటు కబుర్లు

వానలో బస్సు కదలగానే కిటికీలన్నీ మూతపడతాయి. లోపల తడిసిన బట్టలు, ఉల్లిగడ్డ సంచులు, కొత్త ప్లాస్టిక్ బిందెలు, ఎక్కడో సీటు కింద కాళ్లు కట్టేసిన కోడి. నాట్ల రోజుల్లో పొద్దటి పల్లెవెలుగులో నాటేసే ఆడవాళ్లే ఎక్కువ. చేతిలో సద్ది టిఫిను, నెత్తిన ప్లాస్టిక్ కవరు కొప్పెర. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేకుండా పోయాక, పక్క మండలంలో రూపాయి ఎక్కువ కూలి వస్తదంటే పోవడం సులువైంది. టికెట్ లేదంటే అసలే లేదని కాదు, సున్నా టికెట్ కొట్టించుకోవాలి. దానికి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి.

వానాకాలంలో ఆ కార్డు తీయడమే ఒక తతంగం. అది పాలిథిన్ కవర్లో ఉంటుంది, కవరు చిన్న సంచిలో ఉంటుంది, సంచి బొడ్లో ఉంటుంది. కండక్టరమ్మ ఓపిగ్గా నిలబడుతుంది.

"అవ్వా, కార్డుల నీ మొకం కనవడ్తలేదు."

"నీకేంది బిడ్డా, నాకే కనవడ్తలేదు. కండ్లకు ఆపరేషన్ జేపిచ్చుకొని వస్తాన్న."

బస్సంతా నవ్వు. వెనక నిలబడ్డ మగవాళ్లలో ఒకాయన, "టికెట్ పెట్టినోళ్లం మేం నిలవడ్డం, పెట్టనోళ్లు కూసున్నరు" అని గొణుగుతాడు. "పొద్దంతా బురదల వంగి నాటేసి వచ్చి నువ్వు కూసో అన్నా" అని ఇటునుంచి బదులు. వాదన ఆత్మకూరు దాకా సాగి, చిరుజల్లు జడివానగా మారగానే ఆగిపోతుంది. అప్పుడిక అందరిదీ ఒకటే ప్రశ్న: కటాక్షాపూర్ చెరువు దాటుతమా?

పాత ముచ్చట ఒకటి. మన బస్సుల వంశవృక్షం 1932 జూన్‌లో మొదలైంది. నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా విభాగం పెట్టి, 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో నడిపారు. అప్పటికి ఈ అడవి దారిలో వానాకాలం ప్రయాణమంటే ఎడ్లబండి, లేదంటే కాలినడక. వాగొస్తే ఒడ్డున కూర్చోవడమే. తొంభై ఏళ్లు దాటాయి. బండ్లు మారాయి, రోడ్లు మారాయి. వాగు ఒడ్డున కూర్చోవడం మాత్రం ఇంకా పోలేదు.

మత్తడి కబుర్లు

హనుమకొండ, ములుగు మధ్య దారి యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. దాని మీద రోడ్డును ఆనుకొని ఉన్నది కటాక్షాపూర్ చెరువు. చెరువు నిండి మత్తడి దుంకిందంటే నీళ్లు రోడ్డు మీదికే వస్తాయి. చిన్న మత్తడైతే బస్సు మెల్లగా నీళ్లు చీల్చుకుంటూ పోతుంది, పిల్లలు కిటికీ తీసి చూస్తారు. పెద్ద మత్తడైతే పోలీసులు తాడు కడతారు. అటు లారీలు, ఇటు బస్సులు కిలోమీటర్ల కొద్దీ నిలబడతాయి. పది నిమిషాల్లో మక్క కంకులు కాల్చే బండి, ఛాయ్ ఫ్లాస్కు పట్టుకున్న పిలగాడు ప్రత్యక్షం. వలలు పట్టుకొని మత్తడి కింద దిగే వాళ్లు దిగుతూనే ఉంటారు. ఎదురెక్కే చేపకు అంతకు మించిన చోటు దొరకదు మరి.

ఈ దారి మీద ఏళ్లుగా తిరిగే డ్రైవర్లకు వాతావరణ కేంద్రం వాళ్ల కంటే ఒక అడుగు ముందే కొన్ని సంగతులు తెలుస్తాయి. కాకతీయుల చెరువులు గొలుసుకట్టుగా కట్టినవి. పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి, అది నిండితే దాని కిందిదానికి. పైన ఏ చెరువు ఎప్పుడు దుంకిందో తెలిస్తే, కింద ఏ రోడ్డు ఏ పూటకు తెగుతుందో లెక్కేయొచ్చు. "రాత్రి పైన చెరువు దుంకిందట. పొద్దుగాల మొదటి సర్వీసు పోతది, పది గంటలది పోదు" అని చెప్పే డ్రైవర్ ప్రతి డిపోలోనూ ఉంటాడు. ఆయన మాట తప్పడం అరుదు.

కటాక్షాపూర్ గండం గట్టెక్కితే ములుగు ముందు గట్టమ్మ తల్లి. మేడారం జాతరకు పోయే వాళ్లెవరైనా మొదటి మొక్కు ఇక్కడే చెల్లిస్తారు. వానాకాలం జాతర లేకున్నా బస్సులోంచే చేతులెత్తి దండం పెట్టడం తప్పదు. ముందున్న వాగులు అందరికీ తెలుసు కదా.

ములుగులో దిగితే బోడకాకర కబురు. వానలు పడి అడవి తీగలు పాకాక వచ్చే ఈ ముళ్లముళ్ల కాయ మొదటి వారాల్లో మాంసంతో పోటీపడే ధర పలుకుతుంది. బుట్టలో పోసుకొని కూర్చున్న అక్కను "జర తగ్గియ్యవే" అంటే, "అడవిల జెర్రి కరిస్తే నువ్వొస్తవా?" అని అడుగుతుంది. దానికి జవాబు లేదు. తెచ్చే కష్టం తెలిసిన వాళ్లు బేరం ఆడరు. పక్కనే పుట్టగొడుగులు, మోదుగాకులో పొట్లం. అవి మాత్రం పది నిమిషాల్లో అయిపోతాయి.

జంగాలపల్లి దగ్గర దారి చీలి వెంకటాపూర్ మీదుగా పాలంపేటకు పోతుంది. రామప్ప గుడి ఉన్నది అక్కడే. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి 2021 జులై 25న ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. అది కూడా వానాకాలంలోనే. గుడి చూడ్డానికి చలికాలం మంచిదంటారు గానీ, రామప్ప చెరువు నిండాక కట్ట మీద నిలబడితే కనిపించే నీళ్ల కోసమైతే భాద్రపదంలో పోవాలి. గోవిందరావుపేట దగ్గరి లక్నవరం, నర్సంపేట వైపు పాఖాల చెరువులదీ ఇదే మాట.

వాగుల కబుర్లు

అసలు కథ పస్రా దగ్గర మొదలవుతుంది. అక్కడ గుండ్లవాగు. అది దాటి తాడ్వాయి వైపు పోతే జలగలంచ వాగు. పేర్లు చూసి చిన్నవనుకుంటాం. ఎండాకాలం వాటిలో మేకలు నడుస్తాయి కూడా. అడవిలో ఎక్కడో పైన వాన కురిస్తే, ఇక్కడ ఆకాశం తెల్లగా ఉండగానే నీళ్లు ఎర్రగా వస్తాయి. వాగు గుణం అది. చెరువు చెప్పి నిండుతుంది, వాగు చెప్పకుండా వస్తుంది.

2023 జులై 27 ఇక్కడి వాళ్లెవరూ మరచిపోలేని తారీఖు. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో అప్పటిదాకా ఒక రోజులో అంత వాన ఎక్కడా లేదు. అంతకు ముందరి రికార్డు కూడా ఈ దారిదే: 2013 జులై 19న వాజేడులో 517.5 మిల్లీమీటర్లు. రాష్ట్రంలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలల్లో సగటున పడే వాన సుమారు 74 సెంటీమీటర్లు. అందులో 65 సెంటీమీటర్లు ఒక్క రోజులో పడితే ఏ వాగు మాత్రం గట్టు మీద ఉంటుంది? భూపాలపల్లి వైపు మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మేడలెక్కింది. ఇటు జంపన్నవాగు ఏటూరునాగారం మండలం కొండాయిని ముంచి ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. దొడ్ల, కొండాయి మధ్య వంతెన కొట్టుకుపోయింది.

జంపన్నవాగు పాత పేరు సంపెంగవాగు. కాకతీయ సైన్యంతో పోరాడి ఓడిన జంపన్న అందులో దూకి ప్రాణం వదిలాడని, అప్పటినుంచి ఆ పేరు వచ్చిందని మేడారం కథ. మాఘమాసంలో లక్షల మంది అందులో స్నానం చేసి అమ్మవార్ల గద్దెల దగ్గరికి పోతారు. జాతరకు వచ్చి మోకాలి లోతు నీళ్లు చూసి పోయిన వాళ్లకు, శ్రావణంలో ఆ వాగు ఎట్లుంటుందో చెప్పినా నమ్మరు.

బస్సుల విషయానికొస్తే 2024 ఆగస్టు నెలాఖరు రాత్రి సంగతి చెప్పుకోవాలి. వేములవాడ నుంచి మహబూబాబాద్ పోతున్న ఆర్టీసీ బస్సు నెక్కొండ మండలంలో చెరువు పొంగిన నీళ్ల మధ్య చిక్కింది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. నలభై మందికి పైగా ప్రయాణికులు రాత్రంతా బస్సులోనే గడిపారు. తెల్లారాక అందరినీ క్షేమంగా బయటికి తెచ్చారు. అదే వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి విజయవాడ దారి రోజుల తరబడి ఆగింది. పట్టాలు తెగితే దేశమంతా తెలుస్తుంది. పల్లెవెలుగు ఆగితే ఆ ఊరికి తప్ప ఎవరికీ తెలియదు.

నైట్ హాల్ట్ కబుర్లు

లోపలి ఊళ్లకు పోయే బస్సుల్లో నైట్ హాల్ట్ బస్సుది ప్రత్యేక మర్యాద. చీకటి పడ్డాక ఊరు చేరి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా బయల్దేరుతుంది. దవాఖానకు పోయే వాళ్లు, కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలు అన్నీ దాని మీదే ఆధారం. డ్రైవర్, కండక్టర్ బస్సులోనో, పంచాయతీ ఆఫీసు అరుగు మీదో నడుం వాలుస్తారు. ముసురు పట్టిన రాత్రి ఎవరో ఒకరు వేడి వేడి అన్నం, పప్పుచారు తెచ్చి పెడతారు. "సారూ, తెల్లారి మా బిడ్డకు పరీక్ష ఉన్నది, జర ఆగి పోరి" అన్న విన్నపం కూడా గిన్నెతో పాటే వస్తుంది.

అట్లా వచ్చిన బస్సు రాత్రి వాగు పొంగి ఊర్లోనే చిక్కుబడితే పిల్లలకు పండుగ. బడి బందు, బస్సు ఎక్కి స్టీరింగ్ తిప్పొచ్చు. పెద్దలకు అది పండుగ కాదు. నెలలు నిండిన ఆడకూతురు ఇంట్లో ఉన్నవాళ్లు వాన మొదలు కాగానే లెక్కలు వేసుకుంటారు. వాగు అవతలి ఊరి గర్భిణులను కాన్పు తేదీకి ముందే ఈవలికి తెచ్చి ఉంచడం ఈ ఏజెన్సీ ఊళ్లలో వానాకాలం ఆనవాయితీ. బస్సు వస్తుందో రాదో అన్నది అక్కడ కాలక్షేపం కబురు కాదు.

గోదావరి అవతలి కబుర్లు

ఏటూరునాగారం దాటితే ముల్లకట్ట. అక్కడ గోదావరి మీద వంతెన 2016లో ప్రారంభమైంది. అంతకు ముందు హైదరాబాద్ నుంచి బొగత జలపాతం చూడాలంటే భద్రాచలం తిరిగి 440 కిలోమీటర్లు పోవాలి. వంతెన వచ్చాక అది 329కి తగ్గింది. వాజేడు, వెంకటాపురం మండలాలు అప్పటిదాకా ఖమ్మం జిల్లావి. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు ఇటు కలిశాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడ్డాక ములుగులో చేరాయి. ఒక్క వంతెన పడితే దూరాలు ఎట్లా తగ్గుతాయో చూపించడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయినా గోదావరిది వేరే లెక్క. ఇక్కడ చుక్క వాన లేకపోవచ్చు. మహారాష్ట్రలో పడ్డ వాన ప్రాణహిత మోసుకొచ్చి కాళేశ్వరం దగ్గర కలుపుతుంది, బస్తర్ వాన ఇంద్రావతి తెచ్చిస్తుంది. వాన వాళ్లది, వరద మనది. నది పోటెత్తిందంటే వాజేడు అవతల టేకులగూడెం దగ్గర నీళ్లు జాతీయ రహదారినే కప్పేస్తాయి, ఛత్తీస్‌గఢ్ బండ్లన్నీ బందు. ఆ రోజుల్లో బస్సులో అందరి చెవులూ రామన్నగూడెం ఘాట్ నీటిమట్టం మీద, భద్రాచలం అడుగుల మీదే. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండు, 53కి మూడు. 2022 జులైలో 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందని గుర్తుచేసే తాత ప్రతి బస్సులో ఒకరుంటారు. "అప్పుడు జూసినం పో" అని ఆయన మొదలుపెడితే దిగే ఊరు దాటిపోయినా తెలియదు.

బొగత గురించి ఒక్క మాట. చీకుపల్లి దగ్గరి ఈ జలపాతం జులై, ఆగస్టుల్లో నిండుగా దుంకుతుంది. ఆదివారాలు హైదరాబాద్ కార్లు బారులు తీరతాయి. ఉధృతి పెరిగితే అటవీశాఖ వాళ్లు లోపలికి రానివ్వరు. అప్పుడు "ఇంత దూరం వచ్చినం" అని వాళ్లతో పేచీ పెట్టుకోవద్దు. 2023 జులైలో ఇదే వైపు ముత్యంధార జలపాతం చూడబోయి, తిరిగొచ్చే దారిలో వాగు పొంగి, పదుల సంఖ్యలో సందర్శకులు రాత్రంతా అడవిలో చిక్కుకున్నారు. వాళ్లను తేవడానికి విపత్తు బృందాలు పోవాల్సి వచ్చింది.

పండుగ కబుర్లు

వానలెన్ని ఉన్నా పండుగలు ఆగవు. ఆషాఢంలో వరంగల్ భద్రకాళి అమ్మవారికి శాకంబరి ఉత్సవాలు, పున్నమి నాడు కూరగాయలతో నిండు అలంకారం. తొలి ఏకాదశికి పేలాల పిండి, బెల్లం. శ్రావణంలో ఊరూరా పోచమ్మ బోనాలు. వీటన్నిటిలో బస్సుకు అసలు పరీక్ష పెట్టేది రాఖీ పున్నమి. ఆ రోజు మెట్టు మీద కూడా చోటుండదు. స్వీటు డబ్బా నలగకుండా ఎత్తి పట్టుకొని, చంకలో పిల్ల, చేతిలో రాఖీలు, ఒంటికాలి మీద యాభై కిలోమీటర్లు వచ్చే అక్కచెల్లెళ్లను చూస్తే అన్నదమ్ములు ఇచ్చే చీర ఏ మూలకూ చాలదనిపిస్తుంది. ఆ తర్వాత గునుగు, తంగేడు పూస్తే బతుకమ్మ. వాగులు తేటపడతాయి, బస్సులు మళ్లీ వేళకు వస్తాయి.

చివరి స్టాపు

ఇన్ని చెప్పుకున్నాక తేలేది ఒకటే. ఈ ఊళ్లకు బస్సులు తక్కువై కాదు బాధ. బస్సు ఉంటుంది, డ్రైవర్ ఉంటాడు, ఎక్కే జనం ఉంటారు. మధ్యలో వాగు మీద నాలుగడుగుల ఎత్తు లేని కల్వర్టు ఉంటుంది. లోపలి రోడ్లన్నీ ఈ లో లెవల్ వంతెనల మీదే ఆధారపడ్డాయి. ఏది ముందు ఎత్తు పెంచాలి, ఏది తర్వాత అన్నది తేల్చడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదు. ఏ సర్వీసు ఏ వాగు దగ్గర ఎన్ని రోజులు ఆగిందో, ఎన్నిసార్లు మధ్యలోంచి మర్లి వచ్చిందో రోజూ ఆ దారిన తిరిగే సిబ్బందికి తెలుసు. ఆ లెక్కను జూన్ నుంచి అక్టోబర్ దాకా రాసి, నవంబర్‌లో రోడ్ల శాఖ ముందు పెడితే చాలు. ఎక్కువ రోజులు బస్సు ఆగిన వాగుకు మొదటి వంతెన. ఇంతకంటే న్యాయమైన వరుస ఇంకోటి దొరకదు.

అప్పటిదాకా మనం చేయగలిగింది కూడా ఉంది. నీళ్లు రోడ్డెక్కిన చోట డ్రైవర్ బండి ఆపితే "ఏంగాదు పోనియ్యి" అని వెనక నుంచి అరవొద్దు. మోకాలి లోతు కనబడే పారే నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో ఎవరికీ తెలియదు. వాగు దిగేదాకా ఒడ్డున ఆగండి. ఛాయ్ తాగండి. ఇంటికి ఫోన్ చేసి రాత్రికి రామని చెప్పండి. ఇంట్లో వాళ్లు ఒక పూట కోప్పడతారు, అంతే కదా.